తాటాకు కప్పని కుప్ప

మే నెల, ఆదివారం రాత్రి

పొద్దున్నే మబ్బు పట్టింది. ఉప్పుమడికెళ్ళి కుప్ప మీద తాటాకులు కప్పొస్తానన్నాడు నాన్న. నేనే ఆపాను. "ఫోన్‌లో వాన లేదని సూపిస్తన్నాది కదా నాన్నా, వచ్చేక కప్పుకుందువులే" అని, పిల్లలతోపాటు ఆయన్నీ టెక్కలి అవతల చిన్న కొండ ఎక్కించాను.

దారంతా ఉక్కపోత, రాళ్ళ మధ్య ఎండిన గడ్డి. పిల్లలు గంతులేస్తుంటే నాన్న మాత్రం మా ఉప్పుమడి ఉన్న నౌపడ వైపే చూస్తున్నాడు. "గాలి మారినాదమ్మా. ఎల్లిపోదుమేటి?" అని రెండుసార్లు అడిగాడు. "ఎప్పుడూ ఆ ఉప్పు గోలేనా? ఒక్క ఫోటో దిగు" అని కసిరాను. ఫోటోలో అందరం నవ్వుతున్నాం. ఆయన మొహం ఒక్కటే ఆకాశం వైపుంది.

కొండ దిగేలోపే వాన దంచేసింది. మేం మడి దగ్గరికి చేరేసరికి మా కుప్ప, నాన్న నెల్లాళ్ళ కష్టం, సగానికి కరిగిపోయింది. పక్కవాళ్ళ కుప్పలన్నీ ఆకుల కింద భద్రంగా ఉన్నాయి. "పోన్లే, పిల్లలు సరదా పడ్డారు కదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

రాత్రి పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. ముద్ద నోట్లో పెట్టగానే తెలిసింది. నాన్న అడగలేదు, తలొంచుకుని తినేశాడు. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.