మార్నింగ్ షిఫ్ట్ అడగడం ఎలా

జూన్ 3
ఈరోజు చీవాట్లు తిన్నాను. హోటల్ లాండ్రీలో నాలుగేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను, ఒక్క మాట పడలేదు. ఇవాళ పడ్డాను. మేనేజర్ మేడమ్‌కి మన భాష రాదు. అందుకని ఇంగ్లీషులోనే "గివ్ మీ మార్నింగ్ షిఫ్ట్" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. ఇదేనా అడిగే పద్ధతని మెల్లగా విడమరిచి మరీ తిట్టి, వేలితో తలుపు చూపించింది. అడగడమంటే ఇంకెలాగ? కాళ్ళ మీద పడాలా?

పాపకి ఏడేళ్ళు. అది బడి నుంచి వచ్చేసరికి నేను పనిలో ఉంటాను, నేను వచ్చేసరికి అది నిద్రలో ఉంటుంది. నిన్న దాని ముందు పన్ను ఊడిందట. ఆ సంగతి నాకు మా తోటికోడలు చెప్పింది.

జూన్ 5
తోటికోడల్ని అక్కా అంటాను. పెళ్ళికి ముందు ఓ ఆఫీసు రిసెప్షన్‌లో పనిచేసింది, ఇంగ్లీషు దంచేస్తుంది. నేర్పమని అడిగాను. గివ్ అనకూడదట. టెల్ అనకూడదట. వాంట్ అయితే నోట్లోంచి రానే కూడదట. కుడ్ యూ గివ్, కుడ్ యూ టెల్, ఐ వుడ్ లైక్. మనకి చివర ఒక 'అండి' తగిలిస్తే పనైపోతుంది. వీళ్ళేమిటి, ఊరంతా తిరిగొచ్చి గుమ్మంలో అడుగుపెడతారు!

జూన్ 8
ఆదివారం. పాప పెద్దమ్మ ఒళ్ళో కూర్చుని నా తప్పులు దిద్దింది. పెద్దమ్మలా చెప్పాలమ్మా అంది. ఒళ్ళు మండింది. అక్కని ఏమైనా అందామంటే సాకు దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

జూన్ 14
కుడ్ యూ. వుడ్ యూ. మే ఐ. బుర్ర వేడెక్కిపోయింది.

జూన్ 20, మధ్యాహ్నం 3
అడిగేశాను! "ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ గివ్ మీ ద మార్నింగ్ షిఫ్ట్." ఎక్కడా తడబడలేదు. మేడమ్ కళ్ళు ఇంతయ్యాయి. నవ్వుతూ గడగడా ఏదో చెప్పింది. లవ్ టు అంది, హ్యాపీ అంది, వెరీ గుడ్ అంది. థాంక్యూ సో మచ్ అని వచ్చేశాను.

జూన్ 21, ఉదయం
జడ వేస్తూ పాపకి చెప్పేశాను, సోమవారం నుంచి నువ్వొచ్చేసరికి గుమ్మంలో నేనే ఉంటానని. సగం జడతోనే గంతులేసింది.

జూన్ 23
షిఫ్ట్ చార్టులో నా పేరు సాయంత్రంలోనే ఉంది. పక్కన ఇన్‌చార్జ్ అని రాశారు.

వాషింగ్ మెషిన్ల దగ్గర చేసే ఆవిడ వచ్చి కంగ్రాట్స్ చెప్పింది. ఇంత మంచి ఇంగ్లీషు వచ్చిన మనిషి సాయంత్రం గెస్టుల ఫోన్లకి కావాలని మేడమ్ అందరితో అందట. మార్నింగ్ ఇవ్వలేనని నాకు ఆరోజే చెప్పిందట. నేను థాంక్యూ అన్నానట!

నా మొహం మండ. అడగడం నేర్చుకున్నాను, జవాబు వినడం ఎవరు నేర్పారు? నా వంకర ఇంగ్లీషుకి మేడమ్ ఒక్కో మాటా విడదీసి చెప్పేది. బాగా అడిగేసరికి నాకన్నీ వచ్చనుకుని వాయించేసింది. నేనేమో గంగిరెద్దులా తలూపి వచ్చాను.

ఈపాటికి పాప బడి నుంచి వచ్చేసి ఉంటుంది. గుమ్మంలో నాకోసం చూసుకుంటుంది.

జూన్ 24
మేడమ్ గదిలోకి దూసుకెళ్ళి "నో ఇన్‌చార్జ్. గివ్ మార్నింగ్. మై డాటర్ వెయిట్" అన్నాను. ఏడ్చేశాను కూడా.

మేడమ్ కోప్పడలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టింది. ఒక్కో మాటా విడదీసి, వేళ్ళతో చూపిస్తూ, నెమ్మదిగా చెప్పింది.

ఈసారి అంతా అర్థమైంది. కుదరదట.