ఈరోజు ఏట్లో దిగకండి

మామయ్యా,

ఈరోజు ఈతకి దిగకండి. మీ తువ్వాలు నేనే దాచాను, వెతక్కండి.

నిన్న మీరు దిగే మెట్ల దగ్గర పట్టిన నీళ్ళలో మురుగు క్రిములు ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఎగువన ఎక్కడో మురుగు గొట్టం పగిలినట్టుంది. ఇంకోసారి పట్టి చూస్తేగానీ మా నీటి పరీక్షల ఆఫీసువాళ్ళు దిగొద్దని బోర్డు పెట్టరట. అందుకే సీసాలు పట్టుకుని పరిగెడుతున్నాను. బోర్డు పెట్టేదాకా మీకు చెప్పకుండా ఉండటం నావల్ల కాదు.

మన కుళాయిలోకి వచ్చేదీ ఆ నీళ్ళే. కాచి చల్లార్చినవి స్టీలు బిందెలో ఉన్నాయి. తాగడానికే కాదు, మడమ మీద పుండు కడుక్కోవడానికీ అవే వాడండి. అసలే మీకు షుగరు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈదుతున్నా, ఈ ఏరు నన్నేం చేస్తుందమ్మా" అని నిన్న, పుండుతో దిగొద్దన్నందుకు, నలుగురిలో నవ్వేశారు. నేనూ నవ్వాను గానీ మనసు చివుక్కుమంది. అత్తయ్య పోయాక మీరు నోరారా మాట్లాడేది ఆ ఈత జట్టుతోనే అని నాకు తెలియదా? అందుకే ఇంట్లో కూర్చోమనడం లేదు. వెళ్ళి పైమెట్టు మీద కూర్చోండి, వాళ్ళనీ దిగనివ్వకండి. నేను చెబితే సీసాల పిల్ల అంటారు. మీరు చెబితే వింటారు.

మీ కోడలు

ఇంకోమాట. నీళ్ళు బాగుపడిన రోజు ముందు మీకే చెప్తాను. ఆరోజు నాకు ఈత నేర్పండి. ఇన్నేళ్ళుగా ఏటి నీళ్ళు పడుతున్నానా, మోకాలి లోతు దాటితే ఇప్పటికీ నాకు భయమే. ఈ సంగతి మీ అబ్బాయికి కూడా తెలియదు.