జీవమ్మత్త కోళ్ల రక్తం

నంద్యాల,
14-6-1983.

అమ్మకు సలోమి వందనాలు.

దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ నాయనా బాగున్నారని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. నాయన దగ్గు తగ్గిందన్నావు. అయినా సీసా అయిపోయేదాకా మందు మానొద్దని చెప్పు.

నేను అన్నం వేళకే తింటున్నాను. కళ్లద్దాలు ఇంకా మార్పించుకోలేదు. ఏం చదువుతున్నావని అడిగావు. తెచ్చుకున్న పుస్తకం నెల నుంచి ఇరవయ్యో పేజీ దగ్గరే ఉంది. గదికి చేరేసరికి మెడ నిలబడటం లేదు.

నా పనేమిటో నాయనకు అర్థం కాలేదన్నావు. కోడికి కొక్కెర తెగులు సోకిందో లేదో రక్తం చూసి చెప్పే పరీక్ష ఒకటుంది. పెద్ద ఊళ్లలో చేసేదే. తక్కువ సామాన్లతో ఇక్కడా చేసేలా మా డాక్టరు శేషయ్యగారు దాన్ని కుదురుస్తున్నారు. రక్తపు తేటలో తెగులు వైరస్ కలిపి, ఉప్పునీళ్లలో కడిగిన ఎర్రకణాలు వేస్తాం. కణాలు పళ్లెంలోని చిన్న గుంట అడుగున బొట్టులా దిగితే, ఆ కోడి రక్తం ఈ తెగులును ఎరుగునన్నమాట. పలచగా పరుచుకుంటే ఎరగదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి ఆ బొట్లే చూస్తాను.

ఇక నువ్వు చివర రాసిన మాట. "జీవమ్మ ఆ కోళ్లను పిల్లలప్పుడే గంపలో పెట్టుకొని చాగలమర్రి ఆసుపత్రికి పోయి సూదులేపిచ్చింది కదా, ఐనా తెగులెట్ల వచ్చె?" అని అడిగావు. జవాబు రాయడానికి నాకు వారం పట్టింది.

తెగులు వచ్చిందని తేలనే లేదమ్మా. సూది వేసిన కోడి రక్తంలోనూ అదే బొట్టు దిగుతుంది. అందుకే రక్తం తీసేటప్పుడే సూది వేయించారా అని అడిగి కాగితంలో రాయాలి. ఏప్రిల్‌లో అత్త కోళ్లు రెండు చచ్చి వీధంతా భయపడినప్పుడు, మా ఊరే కదా అని డాక్టరుగారు నన్ను పంపారు. అత్త వాకిలి నిండా మగవాళ్లు. "ఏందప్పా, కోళ్లకు రక్తపరీక్షంట. మనకు చేసినోళ్లు ఎవురూ లేరు," అని ఓబులేసన్న అందరినీ నవ్వించాడు. నేను తలెత్తలేదు. రెక్కల కింద రక్తం తీసుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, ఇంటి కోళ్లకు సూదులెవరు వేయిస్తారులే అనుకుని 'లేదు' అని రాశాను.

పరీక్షలో బొట్టు దిగింది. 'లేదు' అన్న ఆ ఒక్క మాట మీద మిగతా పద్దెనిమిది కోళ్లనూ చంపి, సున్నం పోసి పూడ్చారు. ఆ రెండూ ఎండకే చచ్చాయేమో, ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఆమెను మళ్లీ కోళ్లు పెంచనిచ్చేది లేదని వీధివాళ్లు అంటున్నారని నువ్వే రాశావు.

నిన్న డాక్టరుగారికి చెప్పాను. పరీక్ష బాగా పనిచేసిందని ఆయన పై అధికారులకు చూపిస్తున్నవాటిలో అత్త కోళ్లూ ఉన్నాయి.

"బొట్టు తప్పు చెప్పలే పాపా. అడగాల్సింది నువ్వు అడగలే," అన్నారు. కాగితాల కట్ట ముందుకు లాక్కుని, "నలభై ఇండ్ల కాగితాలుండాయి. ఎన్నిట్లో ఇట్ల రాసినావు?" అని అడిగారు.

గుర్తులేదన్నాను. అది నిజం. రేపటి నుంచి గోస్పాడు వైపు ఇల్లిల్లూ తిరిగి మళ్లీ అడిగి రావాలి. ఉద్యోగం సంగతి ఆ తరువాత చూద్దామన్నారు.

జీవమ్మత్త కోళ్లకు తెగులుందని తేలలేదనీ, తప్పు మా కాగితంలోదనీ ఆయన సంతకం చేసి ఇచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె వాకిట్లో, అందరి ముందూ దాన్ని నేనే చదువుతాను. ఈలోపు ఆమెకు నువ్వేమీ చెప్పకు. చిన్నప్పటి నుంచీ ఎవరేమడిగినా నా బదులు నువ్వే జవాబు చెబుతూ వచ్చావు. ఆ రోజు పక్కన నిలబడు, చాలు. నా గొంతు ఆగిపోయినా నువ్వు అందుకోవద్దు.

ఇట్లు,
నీ కూతురు
సలోమి