స్వర్గీయ నాన్నగారు

నాన్నా,

మొన్న ఆదివారం అబ్బాయి వాళ్ల చర్చిలో మా పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని పాస్టరు గారు అడిగితే నువ్వు వెనక బెంచీలోంచి లేచావు.  ఏమీ అనకుండా మళ్లీ కూర్చున్నావు, అదే పదివేలు.

ఆ ప్రకటనలో నీ పేరు ముందు ‘స్వర్గీయ’ అని రాయించింది నేనే. వాళ్లది జూబ్లీహిల్స్. మా నాన్న యూసుఫ్‌గూడలో ఉంటాడు, సినిమాల్లో గుంపులో నిలబడతాడు అని వాళ్లకి ఎలా చెప్పను? అయినా షూటింగుల్లో ఎన్నిసార్లు శవంగా పడుకోలేదు నువ్వు! అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?

పెళ్లికి రావద్దని అనను. షూటింగుల్లో వేసుకునే ఆ కోటు మాత్రం వేసుకురాకు. చివరి వరసలో కూర్చో, కెమెరా వైపు చూడకు. అది నీకు అలవాటేగా. నీ బదులు నన్ను చెయ్యి పట్టుకుని పాస్టరు గారి దగ్గరికి నడిపించడానికి మాదాపూర్ ఆఫీసులో మా మేనేజరు గారు ఒప్పుకున్నారు.

ఉంగరాలు తొడిగాక, చనిపోయిన మా నాన్నని తలుచుకుని పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. అందరూ లేస్తారు. నువ్వూ లేచి, తల వంచుకుని, అందరితో పాటు ఆమెన్ అను.

నీ కూతురు