వాన పడని ఊళ్లో నీళ్లు

రమణమ్మా,

బావి నీళ్లలో మనకు సగం వంతు ఇస్తానని మీ అన్న మన పెళ్లి పందిట్లో పదిమంది ముందు మాట ఇచ్చి, ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకే తప్పాడు. మీ నాయన పసుపు కుంకుమ కింద నీకిచ్చిన చేను నిలువునా ఎండింది. తాగే నీళ్లకు కూడా నువ్వు ఏటి చెలమ నుంచి కడవలు మోశావు.

ఇప్పుడు నేను పెరూ రాజధాని లిమాలో ఉన్నాను. మన పాప ఆఫీసు పని మీద వస్తూ నన్నూ లాక్కొచ్చింది. ఇక్కడ డిసెంబరులో ఎండాకాలం మొదలవుతుంది. పొద్దున మబ్బు చూసి గొడుగు తీస్తే హోటలాయన నవ్వాడు. పక్కనే సముద్రమున్నా ఈ ఊళ్లో వాన పడదట. అయినా ఒడ్డున పార్కుల్లో గడ్డికి పైపులతో నీళ్లు పడుతున్నారు. కొండమీది పేటలో మాత్రం ఆడవాళ్లు డ్రమ్ములు పెట్టుకుని ట్యాంకరు కోసం నిలబడి ఉన్నారు.

"ఎంతసేపు చూస్తావు నాయనా, పోదాం పా" అనింది పాప. నేను అక్కడే నిలబడ్డాను.

"వానల్లేకుంటే మా అన్న మాత్రం ఏం చేస్తాడు, ఊరికే ఆడిపోసుకోవాకు" అని నువ్వు కన్నుమూసేదాకా వెనకేసుకొచ్చావు. ఆ బావి ఏ కరువులోనూ ఎండలేదు రమణమ్మా. నువ్వు ఒప్పుకున్నా లేకున్నా, నీ నడుము విరగ్గొట్టినవాడు మీ అన్న ఓబుల్ రెడ్డే.