ఫ్లూటులో ఊపిరి

నాన్నా,

పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది. నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఒక్క ఫ్లూటు కోసమే నేను రాసిన పీసును నిన్న జూబ్లీ హిల్స్ హాల్లో నీ శిష్యుడు వాయించాడు. పక్కన తబలా లేదు, కీబోర్డు లేదు. మధ్యమధ్యలో అతను గాలి పీల్చుకోవడం చివరి వరుస దాకా వినబడాలని రాశాను. వినబడింది.

ఆ కచేరీ రికార్డింగును ఫిల్మ్ నగర్ సౌండ్ ఇంజినీరు ఇవాళ పంపాడు. గాలి పీల్చిన చప్పుడు ఒక్కటీ లేదు! ఫోన్ చేస్తే ఎంత సంబరంగా చెప్పాడో. "ఊపిరి సౌండంత కట్ చేసిన మేడం. మస్తు సాఫ్‌గ వచ్చింది. సినిమా పాటలల్ల ఫ్లూటుకు ఎప్పుడూ గట్లనే చేస్తం కదా."

నాకు తెలీదా? నీ ఊపిరి ఒక్కసారి విందామని నువ్వు వాయించిన సినిమా పాటలన్నీ వెతికాను. ఎక్కడా ఉంచలేదు. నువ్వేమో "నీట్‌గా ఉంటుందిలే అమ్మా" అని నవ్వేవాడివి. నీ మీద కూడా కోపంగానే ఉంది నాన్నా. "అది నాది, ఉంచండి" అని ఒక్కరోజైనా అనలేకపోయావా?

"అన్నీ మళ్లీ పెట్టు, ఒక్కటి తగ్గినా ఊరుకోను" అని ఆ ఇంజినీరు మీద అరిచాను.

అతను బిత్తరపోయాడు. "అవి పెడితే పక్కన ఎవరో మనిషి కూసున్నట్టే ఉంటది మేడం."

"అందుకే కదయ్యా రాసింది!" అని ఫోన్ పెట్టేశాను.