మడి మధ్యలో నీ కర్ర

అవ్వా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నీ చేతికర్ర పట్టుకుని, నారాయణరావుపేటలో నువ్వు ఏటా నాట్లేసిన మడికే వెళ్లాను. సిద్దిపేట దవాఖానలో అందరికీ వ్యాయామాలు నేర్పే నేను, నీ నడుంనొప్పికి మాత్రం గోలీలు తెచ్చిచ్చాను. ఇవాళ నీతో నాట్లేసిన ఆడవాళ్లకు ఒడ్డు మీదే వంగడం నేర్పాను.

ముందుగా వాళ్లలో లచ్చవ్వ వీపుకు నీ కర్రను నిలువుగా ఆనించాను. వంగినా సరే తల, వీపు, పిర్రలు మూడూ కర్రను వదలకూడదన్నాను.

“మోకాళ్లు జర సడలించు పెద్దమ్మా. పిర్రలు ఎనుకకు జరుపు. నడుము గూనిగ వంచకు, తుంటికాడ వంగు.”

“పుట్టినకాడికెల్లి వంగుతనే ఉన్న. గిప్పుడు నువ్వు నేర్పుతవా బిడ్డా?”

“నేర్పుత. మా అవ్వకు నేర్పకపోతి.”

మూడోసారికి కర్ర కదల్లేదు. “తొడల ఎనుక గుంజుతుంది” అంది. “గుంజాలె” అన్నాను.

మడిలో కట్టుబాటు నీకు తెలిసిందే. ఒడ్డు చేరేదాకా ఎవరూ లేవకూడదు, లేచినవాళ్లు పనిదొంగలు. నువ్వు ఒక్కసారి కూడా లేవలేదు. ఇవాళ నాటు సగానికి రాగానే నేను “లేవుండ్రి, నడుము సాపుండ్రి!” అని అరిచాను. ఆసామి గుడ్లురిమాడు. “అందరు పనిదొంగలయిన్రా?”

“అయినం పో!” అంది లచ్చవ్వ, చేతిలో నారుకట్టతోనే నిటారుగా లేచి. ఆమె వెనకే అందరూ లేచారు.

వాళ్లు లేచిన చోటే నీ కర్ర పాతాను. ఇకమీదట అక్కడికి రాగానే లేచి నిలబడాలి. ఎవరు పీకుతారో పీకమను, చూస్తాను.